దఫ్తరం మూట
(ఢిల్లీ, బేర్ సరాయ్ డైరీ నుంచి)

సెప్టెంబరు 5, 2025, శుక్రవారం

బాపు ఫోన్. ఆయన ఫోన్ చేస్తే రెండే ప్రశ్నలు: తిన్నవా, పైసలున్నయా. ఇవాళ మూడోది కూడా వచ్చింది. “టీవీ చూసినవా? మల్ల ఊరికొక మనిషిని పెడుతున్నరట.”

హైదరాబాదులో ముఖ్యమంత్రి గ్రామ పాలన అధికారులకు నియామక పత్రాలిచ్చారు. దాదాపు ఐదు వేల మంది. చాలామంది పాత వీఆర్వోలు, వీఆర్ఏలే. పరీక్ష రాసి తిరిగొచ్చినవాళ్ళు. బాపు రాయలేదు. ఏడో తరగతి చదువుతో ఆ పరీక్ష దాకా పోలేరు. 2023లో వీఆర్ఏలను వేరే శాఖల్లో సర్దినప్పుడు ఆయన మంచినీళ్ళ పనిలో పడ్డారు. వాల్వులు తిప్పుతారు.

మా ఇంట్లో మూడు తరాల ప్రభుత్వోద్యోగం ఉందని ఇక్కడ ఎవరితోనైనా అంటే ఏదో కలెక్టర్ల వంశం అనుకుంటారు. తాత మస్కూరి. పట్వారీ ముందు నడిస్తే వెనక దఫ్తరం మూట మోసుకుంటూ నడిచేవాడు. బాపు వీఆర్ఏ, అదే పని కొత్త పేరుతో. నేను మూడో తరం. ఇంకా పరీక్షలు రాస్తూనే ఉన్నాను.

సెప్టెంబరు 7, ఆదివారం

బేర్ అంటే హిందీలో రేగు. మూడేళ్ళుగా ఉంటున్నా, ఈ సందుల్లో రేగుచెట్టు ఒక్కటి కూడా కనపడలేదు. సరాయ్ అంటే బాటసారులు దిగే చోటు. ఆ మాట మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది. ఇక్కడ గదికి పదకొండు నెలల అగ్రిమెంటు. పన్నెండో నెల అద్దె పెరుగుతుంది, లేదా మనం కదులుతాం.

రోడ్డుకు అటు పాత జేఎన్‌యూ క్యాంపస్, ఇటు పుస్తకాల కొట్లు. ఎవరి చేతిరాతో తెలియని నోట్సు జిరాక్సుకు జిరాక్సు తీసి, స్పైరల్ వేసి అమ్ముతారు. ఇవాళ మధ్యయుగ చరిత్ర నోట్సు కొన్నాను. ప్రతి వంశం చివరా ఒకే శీర్షిక: ‘పతనానికి కారణాలు’. అసమర్థులైన వారసులు, ఖాళీ ఖజానా, ప్రభువుల కుట్రలు, దూర ప్రాంతాల తిరుగుబాట్లు, పరాయి దండయాత్ర. తుగ్లక్ అనే పేరు కొట్టేసి లోడీ అని రాసినా, మొగల్ అని రాసినా మార్కులు తగ్గవు.

అన్ని తాళాలకూ పట్టే తాళంచెవి చూస్తే నాకు అనుమానం.

తేదీ రాస్తుంటే గుర్తొచ్చింది. 2020లో ఇదే రోజు. వీఆర్వోలు తమ దగ్గరున్న రికార్డులన్నీ మధ్యాహ్నం మూడింటికల్లా అప్పగించాలని పొద్దున ఆదేశం. మా ఊరి సారు బీరువా తెరిచి నిలబడిపోయారట. పహాణీలు మూటకట్టి, బండి మీద మండల ఆఫీసుకు మోసుకుపోయింది బాపు. రెండు రోజులకు అసెంబ్లీలో బిల్లు. వీఆర్వో అనే మాట పోయింది.

సెప్టెంబరు 9, మంగళవారం

మోమోల బండి నేపాలీ కుర్రాడు ఇవాళ ఆవిరి గిన్నె మూత తీయడం మరిచిపోయాడు. ఫోన్ చూస్తున్నాడు. నాకూ చూపించాడు. సింఘ దర్బార్ తగలబడుతోంది. వాళ్ళ సచివాలయం అది.

సెప్టెంబరు 4న నేపాల్ ప్రభుత్వం 26 సోషల్ మీడియా యాప్‌లు మూసేసింది. 8న పిల్లలు రోడ్డెక్కారు. ఆ ఒక్క రోజే పంతొమ్మిది మంది చనిపోయారు. రాత్రికి నిషేధం ఎత్తేశారు. ఇవాళ ప్రధాని ఓలీ రాజీనామా.

“ఫోన్ బంద్ చేసినప్పుడు ఇంటి నుంచి కబురు రాక భయపడ్డాను. ఇప్పుడు కబురు చూసి భయపడుతున్నాను” అన్నాడు వాడు. ప్లేటులో ఎప్పుడూ ఎనిమిది వేస్తాడు, ఇవాళ తొమ్మిది పడ్డాయి. లెక్క తప్పాడు. నేనూ చెప్పలేదు, తినేసి డబ్బులు మాత్రం ఎక్కువిచ్చాను.

నిరుడు ఆగస్టు 5న ఇలాగే గద్దె దిగిన బంగ్లాదేశ్ షేక్ హసీనా విమానం వాలింది ఇక్కడికి దగ్గర్లోనే, యమున అవతల హిండన్ వైమానిక స్థావరంలో. పొద్దున ఢాకాలో ప్రధాని. సాయంత్రానికి ఘాజియాబాద్‌లో అతిథి.

సెప్టెంబరు 11, గురువారం

కొత్త నోట్సులో ఓరుగల్లుకు ఒకే వాక్యం: ‘1323లో ఉలుగ్ ఖాన్ వరంగల్‌ను జయించెను.’ జయించెను సరే. అంతకు ముందు ఏం జరిగిందో మా వరంగల్ జిల్లా వాడిగా నేను రాసుకోవాలి.

అల్లాఉద్దీన్ ఖల్జీ 1303లో పంపిన సైన్యం ఓడి వెనక్కి వచ్చింది. 1310లో మాలిక్ కాఫూర్ కోటను ముట్టడించి కప్పం ఒప్పించుకున్నాడు. ఢిల్లీలో ఖల్జీలు పోయి తుగ్లక్‌లు వచ్చేసరికి ప్రతాపరుద్రుడు కప్పం ఆపేశాడు. గియాసుద్దీన్ తుగ్లక్ తన కొడుకు ఉలుగ్ ఖాన్‌ను 1321లో పంపాడు. మొదట బయటి మట్టికోట, లోపల రాతికోట. ముట్టడి బిగిసింది. కోట నేడో రేపో పడేలా ఉంది.

అప్పుడు ఢిల్లీ నుంచి టపా ఆగిపోయింది.

అంతే. కొన్ని వారాలు జాబు రాలేదు. ‘సుల్తాను చనిపోయాడట, ఢిల్లీలో ఎవరో గద్దెనెక్కారట’ అని శిబిరంలో పుకారు పుట్టింది. దాన్ని పుట్టించింది ఉబైద్ అనే కవి, అతని సావాసగాళ్ళు అని చరిత్రకారుడు బరనీ రాశాడు. (మెస్సులో కలిసే మా గుంటూరు అన్న ఇది విని, “ఆ రోజుల్లోనూ కవులకి పనేం లేదన్నమాట” అన్నాడు.) సర్దారులు ఎవరి దళాన్ని వాళ్ళు తీసుకుని జారుకున్నారు. గెలిచే ముట్టడి చెదిరిపోయింది. ఓరుగల్లు సైన్యం తరిమికొట్టింది.

కోటగోడ కాపాడలేని ఓరుగల్లును రాని ఉత్తరం కాపాడింది.

పీడ విరగడైందనుకుని ప్రతాపరుద్రుడు విందులు చేసి, ముట్టడి కోసం దాచిన ధాన్యపు కొట్లు తెరిపించాడని ఒక కథనం. ఉలుగ్ ఖాన్ 1323లో మళ్ళీ వచ్చాడు. ఈసారి వచ్చే దారి పొడుగునా టపా చౌకీలు సరిచూసుకుంటూ వచ్చాడు. కొట్లు ఖాళీ చేసినవాడు, టపా బాగుచేసుకున్నవాడు. ఇద్దరిలో పాఠం నేర్చుకుంది ఒక్కడు.

సెప్టెంబరు 13, శనివారం

పొద్దున్నే నడక. ఐఐటీ దాటి కాలూ సరాయ్ పక్క సందుల్లోంచి బిజయ్ మండల్. సుల్తాను మహమ్మద్ బిన్ తుగ్లక్ మహలు ఇక్కడే. ఉలుగ్ ఖాన్ 1325లో గద్దెనెక్కి పెట్టుకున్న పేరు అది. అంటే మా ఊరిని పడగొట్టినవాడి ఇల్లు నా గదికి నడిచిపోయేంత దూరంలో ఉంది. మూడేళ్ళుగా నాకు తెలియదు.

దర్బారు పేరు హజార్ సుతూన్, వేయి స్తంభాలు. రంగులద్దిన కొయ్య స్తంభాలని ఇబ్న్ బతూతా రాశాడు. ఇప్పుడు కొయ్య లేదు. స్తంభాలు నిలబెట్టిన రాతి గుంటలు మాత్రం కొన్ని మిగిలాయి. ఒక గుంటలో రాత్రి వాన నీరు, అందులో చిప్స్ ప్యాకెట్టు.

హనుమకొండ వేయి స్తంభాల గుడి రాతిది. 1163 నాటిది. ఇంకా ఉంది. గెలిచినవాడి వేయి స్తంభాలు చెదలకు పోయాయి. పైకెక్కి ఈ మాట అనుకోగానే మనసుకు హాయిగా అనిపించింది. దిగుతుంటే సిగ్గేసింది. ఏడు వందల ఏళ్ళ తరవాత చెదపురుగుల చేత పగ తీర్చుకున్నాను.

ఇక్కడ కూర్చునే ఆయన రాజధానిని దేవగిరికి మార్చాలనుకున్నాడు, రాగి నాణేలు వెండి ధరకు చెల్లాలన్నాడు. కంసాలుల ఇళ్ళన్నీ టంకశాలలయ్యాయి. సుల్తాను మాటను జనం నాణెంగా మోయకపోతే అది రాగిముక్క. చివరికి ఆ నాణేలను ఖజానాయే వెండి ఇచ్చి వెనక్కి కొనుక్కుంది.

సెప్టెంబరు 16, మంగళవారం

మెస్సులో ఇవాళ గుంటూరు అన్న గోంగూర పప్పు మీద మాట్లాడటం మానేసి 1984 మీద మాట్లాడాడు. నలభై ఒక్క ఏళ్ళ కిందట ఇదే తేదీన ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు.

ఆ ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్‌ను తొలగించి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే వచ్చారు. చక్రాల కుర్చీలో ఢిల్లీ వచ్చి, 160 మందికి పైగా ఎమ్మెల్యేలను రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందు నిలబెట్టారు. తలలు లెక్కపెట్టుకోండి అని. ఆ తరవాత ఎమ్మెల్యేలు కర్ణాటకలో రామకృష్ణ హెగ్డే నీడన ఉన్నారు. నెల రోజుల తరవాత కొత్త గవర్నర్ శంకర్‌దయాళ్ శర్మ ఎన్టీఆర్‌ను మళ్ళీ పిలిచారు.

“అదీ జనం దెబ్బ” అన్నాడు అన్న.

“మరి 1995 ఆగస్టులో?” అన్నాను.

“అది వేరే, తమ్ముడూ.”

వేరే ఏం కాదు. అప్పుడు కూడా తలలే. ఈసారి ట్యాంక్‌బండ్ దగ్గర వైస్రాయ్ హోటల్లో ఉన్నాయి. సెప్టెంబరు 1న చంద్రబాబు ప్రమాణం చేశారు. మరుసటి జనవరి 18న ఎన్టీఆర్ కన్నుమూశారు. అదే మనిషి, అదే పార్టీ, ఎనిమిది నెలల కిందటే 294లో 216 సీట్లు ఇచ్చిన అదే జనం. 1984లో ఎమ్మెల్యేలు ఆయన్ని మోశారు. 1995లో దించేశారు.

ఈ తలల లెక్క రాజ్‌భవన్ గదుల్లో కాదు, సభలోనే తేలాలని 1994 మార్చి 11న బొమ్మై తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా లెక్క సభకు చేరేలోపు హోటళ్ళ మీదుగానే పోతుంది.

రాత్రి

అన్నకు చెప్పని మాట ఒకటుంది. మా ఇంట్లో 1984 అంటే ఆగస్టు కాదు, జనవరి. జనవరి 6న ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, ఆంధ్రలో మునసబు కరణాలను, మా దగ్గర పటేల్ పట్వారీలను ఒక్క కలంపోటుతో తీసేసింది.

మా పట్వారీ మాటంటే మాట కాదు, పొలం. ఆయన పహాణీలో ఎవరి పేరు రాస్తే భూమి వాళ్ళది. ఆ రాత చదవడం ఊళ్ళో ఇంకెవరికీ రాదు. తాతకూ రాదు. కానీ ఏ కట్టలో ఏ ఊరి చివరి చెలకలున్నాయో మూట ముడి చూసి చెప్పేవాడు.

లెక్కలు అప్పగించమని తాలూకా నుంచి కబురొచ్చింది. చాలా ఊళ్ళలో కాయితాలు మాయమయ్యాయి. మా ఊళ్ళో పట్వారీ మూట కట్టించాడు. తాత నెత్తికెత్తుకున్నాడు. ఎప్పుడూ నాలుగడుగులు ముందు నడిచే పట్వారీ ఆ రోజు పక్కన నడిచాడట. సగం దారిలో చెట్టు కింద ఆగి, “బరువున్నదా?” అని అడిగాడట. ముప్పై ఏళ్ళలో అడగడం అదే మొదలు.

తాత ఆ కథ ఎప్పుడు చెప్పినా అక్కడే ఆపేవాడు. ఏమని జవాబు చెప్పావు తాతా అని అడిగితే, “ఏం చెప్తం? మూట గంతే ఉన్నది. మోపించెటోడే మారిండు” అనేవాడు.

సెప్టెంబరు 17, బుధవారం

1948లో ఈ రోజు సాయంత్రం నిజాం రేడియోలో మాట్లాడి లొంగిపోయాడు. సైనిక చర్య 13న మొదలై ఐదు రోజుల్లో ముగిసింది. ఆ రోజుకు ఏం పేరు పెట్టాలన్నది ఇప్పటికీ తేలలేదు. విమోచన, విలీనం, సమైక్యత. ఇప్పటి రాష్ట్ర ప్రభుత్వం ప్రజా పాలన దినమంటోంది. ఎవరు గద్దె మీదుంటే వాళ్ళ పేరు. పక్క గది నల్లగొండ పిల్లాడు, “ఎగ్జామ్‌ల ఏ పేరు రాయాలె?” అని అడిగాడు. ఆపరేషన్ పోలో అని రాసి తప్పించుకొమ్మన్నాను.

ఏడో నిజాం 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు చివరి దాకా రాజప్రముఖ్‌గా ఉన్నాడు. లొంగిపోయినవాడికి కూడా కుర్చీ దొరికింది. ఊళ్ళలో సాయుధ పోరాటానికి జడిసి పట్నం పారిపోయిన దొరలు ఖద్దరు టోపీలు పెట్టుకుని తిరిగొచ్చారు. మా తాత లెక్కలో 1948లో జరిగింది ఇంత: కాగితం మీద ముద్ర మారింది. కట్ట మారలేదు.

సెప్టెంబరు 18, గురువారం

గుంటూరు అన్న, నేను టీ తాగుతూ అంకెలాట ఆడాం.

ఆంధ్రప్రదేశ్, 2019: వైఎస్సార్‌సీపీ 175లో 151. 2024: 11.

తెలంగాణ, 2018: టీఆర్ఎస్ 119లో 88. 2023, పేరు మార్చుకున్నాక: 39.

“151లో మధ్య అంకె కొట్టేస్తే 11” అన్నాడు అన్న. ఈ జోకు ఆయనది కాదు, ఊరంతటిదీ. కానీ ఆ 11 సీట్ల వెనక దాదాపు 39 శాతం ఓట్లున్నాయి. నూటికి నలభై మంది ఇంకా మోస్తూనే ఉన్నారు. పక్కవాడు మూడు పార్టీలతో కావడి కట్టాడు, అంతే తేడా.

మా జిల్లాలో 2023 ఓటమికి కారణం అడిగితే చాలామంది నోట ధరణి మాట వస్తుంది. పట్వారీ పోయాడు, వీఆర్వో పోయాడు, 2020 అక్టోబరు 29న కంప్యూటరు వచ్చింది. అందులో పేరు తప్పు పడితే ఎవరి కాళ్ళు పట్టుకోవాలో తెలియదు. పట్వారీకైతే కనీసం గుమ్మం ఉండేది, ఆ ముందు కూర్చుని ఏడవచ్చు. ధరణిని బంగాళాఖాతంలో కలుపుతామన్న పార్టీ గెలిచింది. ఈ ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి పెట్టింది.

సెప్టెంబరు 21, ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ. అమ్మ వీడియో కాల్‌లో తంగేడు పూలు చూపించింది. నేను నిజాముద్దీన్ బస్తీలో సందులు వెతుకుతున్నాను. “ఏం దొరకబట్టుకుంటున్నవ్‌రా?” అంది. మన ఊరాయన సమాధి అన్నాను. అమ్మ కంగారుపడింది. ఆరు వందల యాభై ఏళ్ళ కిందటి మనిషమ్మా అని చెప్పాక గానీ కుదుటపడలేదు.

ఖాన్-ఇ-జహాన్ మక్బూల్ తిలంగానీ. ఆ తిలంగానీలోనే తెలంగాణ ఉంది. ప్రతాపరుద్రుడి కొలువులో పెద్ద అధికారి. 1323లో రాజుతో పాటు బందీగా ఢిల్లీ దారి పట్టాడు. రాజు ఢిల్లీ చేరలేదు. నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడని ముసునూరి ప్రోలయనాయకుడి విలస తామ్రశాసనం. తన ఇష్టంతోనే దేహం చాలించాడని 1423 నాటి కలువచేరు శాసనం. కొలువువాడు మాత్రం ఢిల్లీ చేరాడు, మతం మారాడు, మక్బూల్ అయ్యాడు. అదే ఓరుగల్లుకు ఢిల్లీ తరఫున పాలకుడిగా తిరిగి వెళ్ళాడు. 1336 ప్రాంతంలో కాపయనాయకుడు కోట తీసుకుంటే ఢిల్లీకి పారిపోయి వచ్చాడు. ఫిరోజ్ షా కాలానికి వజీరు. ఢిల్లీకి అసలు రాజు ఖాన్-ఇ-జహానే అని సుల్తాను స్వయంగా అనేవాడని చరిత్రకారుడు అఫీఫ్ రాశాడు.

ఆయనకు చదవడం, రాయడం రాదని కూడా అఫీఫే రాశాడు. ఇక్కడే నేను ఆగిపోయాను. మారన మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చిన కాకతీయ సేనాని గన్నయ, ఈ మక్బూల్ ఒక్కరేనని కొందరు చరిత్రకారులంటారు. అది నిజమైతే, తెలుగులో కావ్యం అంకితం పుచ్చుకున్నవాడు ఫార్సీ దర్బారులో నిరక్షరాస్యుడయ్యాడు. అయినా లెక్కలన్నీ ఆయన చేతి మీదుగానే నడిచాయి. ముడి చూసి కట్ట పోల్చే తాత కళ్ళ ముందు కదిలాడు.

సమాధి ఎనిమిది మూలలది. ఢిల్లీలో ఈ ఆకారానికి ఇదే మొదటిదంటారు. తరవాత సయ్యదులు, లోడీలు, ససారాంలో షేర్‌షా, అందరూ ఈ నమూనానే పట్టుకున్నారు. ఓడిన రాజ్యపు ఉద్యోగి సమాధిని చూసి గెలిచిన రాజులు తమవి కట్టించుకున్నారు. చుట్టూ ఇళ్ళు పెరిగి దాన్ని మింగేశాయి. ఒక వంపు కింద ఎవరో ఉతికిన చొక్కాలు ఆరేశారు. ఒకావిడ, “ఎవరి కోసం?” అని అడిగింది. చెప్పాను. “అలాంటివాళ్ళెవరూ ఇక్కడ ఉండరు” అంది.

సెప్టెంబరు 22, సోమవారం

నిద్ర పట్టక అఫీఫ్ అనువాదం తిరగేస్తుంటే దొరికింది. ఈ మూడు వారాల రాత అంతా దీని కోసమేనేమో.

1360ల్లో ఫిరోజ్ షా సింధులో తట్టా మీదికి వెళ్ళి, మధ్యలో కచ్ రణ్‌లో దారి తప్పాడు. సైన్యం ఆకలికీ దాహానికీ కూలిపోతోంది. ఆరు నెలలు ఢిల్లీకి కబురు లేదు. ఇంటింటా ఏడుపులు. సుల్తాను పోయాడని పుకారు పుట్టాల్సిన ఘడియ.

ఢిల్లీలో మక్బూల్ ఉన్నాడు. సుల్తాను క్షేమమని తనే ఒక ఫర్మానా పుట్టించి, వచ్చిందని చాటించాడు. ఊరు శాంతించింది. సుల్తాను తిరిగొచ్చేసరికి గద్దె చెక్కుచెదరకుండా ఉంది.

పతనానికి కారణాల్లో ఈ పాయింటు ఎందుకుండదు? 1321లో రాని ఉత్తరం ఒక సైన్యాన్ని చెదరగొట్టింది. నలభై ఏళ్ళకు, రాయని ఉత్తరం ఒక రాజ్యాన్ని నిలబెట్టింది. ఆ నాటి ముట్టడిలో కోట లోపల ఉన్నవాడే ఈ ఫర్మానా పుట్టించాడు. గెలిచే సైన్యం ఒక్క పుకారుకు ఎలా విరిగిపోతుందో ఓరుగల్లు గోడ మీది నుంచి చూసి ఉంటాడు. ఇది అఫీఫ్ రాయలేదు. నా ఊహ. పరీక్షలో రాయను.

గద్దె మీద కూర్చున్నవాడి బలం చాలావరకు మోసేవాళ్ళ నమ్మకం. ‘పక్కవాడు ఇంకా మోస్తున్నాడు’ అన్న నమ్మకం. ముందు ఎవరు దించుతారా అని అందరూ ఓరకంట చూస్తుంటారు. టపా ఆగినా, యాప్ మూసినా, హోటల్ గదిలో తలల లెక్క మారినా, జరిగేది ఒకటే: ఆ ఓరచూపులు కలుస్తాయి.

సెప్టెంబరు 28, ఆదివారం

ఖిర్కీ మసీదు. ఎదుట సాకేత్ మాల్స్, రోడ్డుకు ఇటు ఈ నల్లటి కోటలాంటి కట్టడం. కట్టించింది జునాన్ షా, మక్బూల్ కొడుకు. తండ్రి పోయాక బిరుదూ వజీరు పదవీ రెండూ కొడుక్కి వచ్చాయి. ఓరుగల్లు రక్తం రెండో తరం ఢిల్లీని ఏలింది.

1387లో పడ్డాడు. ఫిరోజ్ ముసలివాడయ్యాడు. యువరాజు మహమ్మద్ కుట్ర చేస్తున్నాడని సుల్తానుకు చెప్పి వాణ్ణి తప్పించబోయాడు జునాన్. యువరాజు అంతకంటే ముందు సుల్తాను దగ్గరికి చేరి తన మాట వినిపించుకున్నాడు. జునాన్ మేవాత్ పారిపోయాడు. ఆశ్రయమిచ్చినవాడే పట్టి అప్పగించాడు. చంపేశారు. తండ్రి కబురు పుట్టించి నిలబెట్టాడు, కొడుకు కబురు చేరవేసే పందెంలో ఒక్క అడుగు వెనకబడ్డాడు.

లోపల గబ్బిలాల కంపు. జాలీల్లోంచి వెలుగు గళ్ళు గళ్ళుగా నేల మీద పడుతోంది. ఆ గళ్ళ మీద ఇద్దరు పిల్లలు తొక్కుడుబిళ్ళ లాంటిదేదో ఆడుతున్నారు. వాచ్‌మన్ అదిలించాడు. వాడు అటు తిరగగానే మళ్ళీ మొదలుపెట్టారు.

అక్టోబరు 1, బుధవారం

1953లో ఈ రోజు కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. పొట్టి శ్రీరాములు యాభై ఎనిమిది రోజుల నిరాహారదీక్షతో ప్రాణం విడిచిన తొమ్మిదిన్నర నెలలకు. గుండె ముందు చొక్కా విప్పి తుపాకీకి ఎదురు నిలిచిన ప్రకాశం మొదటి ముఖ్యమంత్రి. 1954 నవంబరులో మద్యనిషేధం మీద పడిన గొడవలో అవిశ్వాస తీర్మానం వచ్చి ప్రభుత్వం కూలింది. ఒక్క ఓటు తేడాతో.

తుపాకీ గుండు చేయలేని పని ఒక చేయి చేసింది. దీన్ని నేను బాధతో రాయడం లేదు. తుపాకీ లేకుండా దించగలగడమే కదా కావాల్సింది. ఫిరోజ్ కాలంలో ఓడిన వజీరు తల పోయింది. ప్రకాశానికి కుర్చీ మాత్రం పోయింది. ఈ తేడా కోసం ఎంతమంది ఎన్నేళ్ళు పోరాడారో అదీ నోట్సులో ఒక పాయింటు కావాలి.

మధ్యాహ్నం ఇంటి ఓనరు అంకుల్‌జీ వచ్చాడు. పదకొండు నెలలు నిండాయి. వెయ్యి పెంచుతానన్నాడు. ఐదొందలన్నాను. “మా తాత ఇక్కడ గోధుమ వేసేవాడు. ఇప్పుడు మీరే మా పంట” అని నవ్వాడు. ఏడు వందలకు తెగింది.

అక్టోబరు 4, శనివారం

దసరా అయిపోయింది. జమ్మి ఆకు ఫొటో పంపించి బాపు ఫోన్ చేశారు.

“కొత్త సారు అచ్చిండు. మంచోడే. పిలగాడు.”

ఏం చేస్తున్నాడని అడిగాను.

“ఇంటికే అచ్చిండు పొద్దుగాల. చెరువు కింది సర్వే నంబర్ల హద్దురాళ్ళు ఏడున్నయో తెల్వదట. పాతోళ్ళను అడిగితే నా పేరు చెప్పిండ్రట. రేపు పోయి చూపియ్యాలె.”

“నీళ్ళ పని బాపూ?”

“ఆదివారమే గదరా.”

ఓరుగల్లు సంగతులు తెలిసినవాడని మక్బూల్‌ను తుగ్లక్‌లు ఎందుకు దగ్గరికి తీశారో ఏ పుస్తకమూ నాకు ఇంత సులువుగా చెప్పలేదు. కొత్తగా వచ్చినవాడికి రాళ్ళు ఎక్కడున్నాయో తెలియదు. తెలిసినవాడి గడప తొక్కాలి. రాజ్యం మొదలయ్యేదీ అక్కడే.

“మరి దఫ్తరం ఎవరు మోస్తరు, నువ్వేనా?” అని నవ్వుతూ అడిగాను.

బాపు నవ్వలేదు. కొంచెంసేపు ఆగి అన్నారు: “దఫ్తరం ఏడిది? అంతా ఆయన సెల్‌ఫోన్లనే ఉన్నదట. జేబుల ఏస్కొని అచ్చిండు. మోసెతందుకు ఏం లేదు.”

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ మాట దగ్గరే కూర్చున్నాను. మోసేది లేకపోతే దించేదీ ఉండదు. పక్కన నడుస్తూ ‘బరువున్నదా’ అని అడగాల్సిన అవసరం కూడా ఎవరికీ రాదు.

రేపు ఆ సారుకు ఎన్ని రాళ్ళు చూపించావని బాపును అడగాలి. అన్నీ చూపిస్తారా, ఒకటి రెండు తన దగ్గరే ఉంచుకుంటారా?